ఆముదం రాసుకున్న వేలు

నా చిన్నప్పుడు మిరపకాయల కాలం వచ్చిందంటే మా అమ్మ నన్ను ముట్టుకునేది కాదు. దగ్గరికి పోతే మోచేత్తో పక్కకు నెట్టేది. జడ వేయమంటే పక్కింటి అక్క దగ్గరికి పొమ్మనేది. కంట్లో నలుసు పడి ఏడుస్తూ పోయినా, చేతులు వెనక్కి పెట్టుకుని నోటితో ఊదేది తప్ప నా ముఖం మీద చెయ్యి వేసేది కాదు. ఏటా మూడు నెలలు ఇదే వరస. పదేళ్ల పిల్లకు మూడు నెలలంటే చిన్న కాలం కాదు. అమ్మకు నా మీద కోపం వచ్చిందేమోనని కొన్నాళ్లు నిజంగానే అనుకున్నాను.

మా ఊరు ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, మిరప చేలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఉండేది. ఊరి చివర ఒక వ్యాపారి పెద్ద షెడ్డు వేయించాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఎండిన కాయంతా అక్కడికే వచ్చేది. ఇరవై మంది ఆడవాళ్లు వరసగా పీటలు వేసుకుని కూర్చుని, ఎడమ చేత్తో కాయ పట్టుకుని, కుడి బొటనవేలి గోటితో తొడిమ తుంచి, తుంచిన తొడిమను అదే చేత్తో పక్కకు విసిరేవాళ్లు. కాయ ముందున్న గంపలోకి, తొడిమ పక్కనున్న కుప్పలోకి. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే చీకటి పడేదాకా ఇంతే. మా అమ్మ ఆ ఇరవై మందిలో ఒకతె.

మిరపకాయ మంట నోటికి తెలిసినవాళ్లే లోకంలో ఎక్కువ. చేతికి తెలిసినవాళ్లు వేరు. ఎండు కాయ చిట్లిపోతుందని ముందుగా నీళ్లు చిలకరించేవాళ్లు. తడిసి మెత్తబడిన కాయ ఘాటంతా గోటి సందులోకి దింపుతుంది. అందుకని పని మొదలుపెట్టే ముందు అందరూ చేతులకు ఆముదం పట్టించుకునేవాళ్లు, మధ్యాహ్నం తిన్నాక మళ్లీ ఒకసారి. మా అమ్మ ఆముదం సీసాను సద్దిగిన్నెతో పాటు మూట కట్టుకుని పోయేది. ఆ సీసాను నేను రోజూ చూసేదాన్ని. చూసేదాన్నే కానీ పట్టించుకోలేదు.

ఎంత ఆముదం రాసినా కొన్ని రోజులకు బొటనవేలి గోరు చీలిపోయేది. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కలుపుకోలేక అమ్మ గరిటెతో తినేది. పెద్ద మనిషి గరిటెతో తినడం చూసి ఒకరోజు నేను పకపకా నవ్వాను. అమ్మ మిగిలిన అన్నం మూతపెట్టి లేచిపోయింది. నా జీవితంలో వెనక్కి తీసుకోవాలనిపించే నవ్వు అదొక్కటే.

ఆ సిగ్గులోంచే నాకు ఆ ఆలోచన వచ్చింది. బస్సు ఆగే చోట మా ఊరి రేకుల తాత దుకాణం ఉండేది. ఆయన నూనె డబ్బాల రేకు కత్తిరించి గరాటాలు, కొలత డబ్బాలు, బుడ్డి దీపాలు చేసేవాడు. కారే బిందెలకు మాట్లు వేసేవాడు. ఇంటి పేరు, ఒంటి పేరు ఎవరికీ పట్టేవి కావు. పెద్దవాళ్లకు సాయిబు, పిల్లలకు రేకుల తాత. ఆయన భార్య దుకాణం వెనక వసారాలో కూర్చుని బొంతలు కుట్టేది. సూది గుచ్చుకోకుండా వేలికి ఇత్తడి తొడుగు ఒకటి పెట్టుకునేది. ఆ తొడుగు చూడగానే అలాంటిదే అమ్మ బొటనవేలికి పెట్టి, కొసన గోరులాగా కాస్త పదునైన అంచు ఉంచితే, తొడిమను రేకే తుంచుతుంది కదా, అసలు గోటికి మంట తగలదు కదా అనిపించింది. ఇల్లు చేరేదాకా పరుగెత్తాను. అమ్మ వేలి చుట్టూ దారం చుట్టి కొలత తీసుకుని మళ్లీ పరుగెత్తుకొచ్చాను.

రేకుల తాతలో ఒక మంచి గుణం ఉండేది. చిన్నపిల్ల చెప్పినా, సర్పంచి చెప్పినా చేతిలో పని పక్కన పెట్టి ఒకే తీరుగా వినేవాడు. నేను బొగ్గుముక్కతో నేల మీద బొమ్మ గీసి చూపించాను. ఆయన తల ఆడిస్తూ విన్నాడు. తర్వాత ఒక్క మాట అడిగాడు.

"మీ అమ్మ పని చేస్తుంటే పక్కన కూసోని చూసినవా బిడ్డా?"

"చూసిన తాతా" అన్నాను.

అది అబద్ధం. షెడ్డులో ఘాటుకు దగ్గు వస్తుందని గేటు దగ్గర నిలబడి, అమ్మను కేకేసి పిలవడమే తప్ప నేనెప్పుడూ లోపల ఒక పూట కూర్చోలేదు. అయినా ఆ మాట నా నోట అంత సులువుగా వచ్చింది. తాత నమ్మాడు.

ఉంగరమని పేరు పెట్టుకున్న ఆ తొడుగులు నాలుగు చేశాడు. మొదటిది వదులైంది, రెండోది అంచు గీసుకుంది, మూడోది వంగిపోయింది. ప్రతిదానికీ నేను పక్కన నిలబడి పెత్తనం చేశాను. నాలుగోది కుదిరింది. అప్పుడు నేను పొంగిపోయి, ఊళ్లో ఎవరడిగినా ఇది నేనే చేశానని చెప్తానన్నాను. తాత నవ్వాడు. "చెప్పు బిడ్డా, నీ బుర్రల పుట్టిందే గదా. నేను రేకు కత్తిరించిన, గంతే" అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ వంటింట్లో పది ఎండు మిరపకాయలు ముందేసుకుని, ఉంగరం పెట్టుకుని తొడిమలు తీసి చూసింది. టక్కు టక్కుమని తెగాయి. గోటికి ఏమీ తగల్లేదు. అమ్మ ఉంగరాన్ని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నన్ను దగ్గరికి తీసుకోబోయి, చెయ్యి గుర్తొచ్చి ఆగిపోయింది. ఇంకెన్నాళ్లులే అనుకున్నాను.

మర్నాడు ఆదివారం. బడి లేదు. అమ్మ వెంట షెడ్డుకు పోయాను. ఈసారి దగ్గు వచ్చినా లోపలే నిలబడ్డాను, ఎందుకంటే పొగడ్తలు లోపలే దొరుకుతాయి. అమ్మ పక్కవాళ్ల కన్నా ముందే గంప నింపింది. ఆడవాళ్లంతా ఉంగరం చేతికి తీసుకుని చూశారు. పక్కింటి అక్క తనకూ ఒకటి కావాలంది. మరొకామె తన చీలిన గోరు చూపించి, ఈ ఉంగరం పుట్టేదేదో నిరుడే పుడితే ఏం పోయిందని నా బుగ్గ గిల్లబోయి, తన వేళ్లు చూసుకుని ఊరుకుంది. నేను వరస మొదటి నుంచి చివరి దాకా తిరిగి, "నేనే చేసిన, రేకుల తాత ఉత్త రేకు కత్తిరించిండు" అని అందరికీ చెప్పాను. అడగని వాళ్లకు కూడా చెప్పాను.

మధ్యాహ్నం అందరూ తిని, మళ్లీ ఆముదం రాసుకుని కూర్చున్నారు. మూడింటికల్లా నాలుగు బస్తాలు నిండితే హమాలీలు మూతులు కుట్టి గోడకు చేర్చారు. సాయంత్రానికి లారీ వస్తుందన్నారు. మూడు దాటాక అమ్మ చెంగుతో చెమట తుడుచుకోబోయి చేతి వంక చూసుకుంది. వేలికి ఉంగరం లేదు.

ఎప్పుడు జారిందో అమ్మకు తెలియలేదు. మిరప పనిలో వేళ్లు మొదట మండుతాయి, తర్వాత మొద్దుబారతాయి. వేలికి ఏమన్నా ఉన్నదీ లేనిదీ తెలిసే స్థితి ఉండదు. అమ్మ గంపలో వెతికింది, పీట కింద వెతికింది, చీర దులిపింది. మాట ఆ నోటా ఈ నోటా మేస్త్రికి చేరింది. మేస్త్రి అంటే ఆడవాళ్లను పనికి పిలిచే మనిషి. కాయలో రాయి వచ్చినా వ్యాపారికి జవాబు చెప్పుకోవలసింది ఆయనే.

"ఇనుప ముక్క బస్తాల పడ్డదా? కారం పట్టే మిషన్ల పడితే మిషన్ పోతది, తినేటోని కడుపుల పడితే పానం పోతది. సేటుకు తెలిస్తే రేపటి సంది మీల ఒక్కదాన్ని గేటు లోపలికి రానియ్యడు. ఎవలు చేసిన్రే దీన్ని?"

ఇరవై మంది తలలు నా వైపు తిరిగాయి. పొద్దున అడగకుండానే అందరికీ చెప్పుకున్న దాన్ని నేనే కదా. నేను స్తంభం వెనక్కి జరిగాను. ఆ స్తంభానికి సున్నం పెచ్చులు లేచి ఉండటం, దాన్ని గోటితో గీకుతూ నిలబడటం నాకు బాగా గుర్తు. ఎవరూ నా పేరు చెప్పలేదు. అమ్మ మాత్రం, "నేనే పెట్టుకున్న మేస్త్రీ, తప్పు నాది" అంది. మేస్త్రి ఊరుకోలేదు. ఊళ్లో రేకు పని తెలిసింది ఒక్కడికే కాబట్టి హమాలీని పంపి రేకుల తాతను పిలిపించాడు.

తాత సైకిలు మీద వచ్చాడు. గేటు దగ్గరే ఎవరో సంగతి చెప్పినట్టున్నారు. లోపలికి వచ్చి ముందు అమ్మను చూశాడు, తర్వాత స్తంభం వెనక ఉన్న నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. మేస్త్రి మళ్లీ అదే ప్రశ్న వేశాడు.

"అవ్, నేనే చేసిన. నా చేతి తప్పు. ఆడోళ్లను అనకు" అన్నాడు తాత.

అంతే. సైకిలు స్టాండు వేసి, చొక్కా చేతులు మడిచి, కుట్టిన బస్తాల దగ్గరికి నడిచాడు.

నాలుగు బస్తాలూ విప్పి నేల మీద పరిచిన పరదాల మీద కుమ్మరించారు. ఇరవై మంది ఆడవాళ్లు, తాత, నేను. ఘాటు లేచి షెడ్డంతా దగ్గు. ముక్కులకు గుడ్డలు కట్టుకుని గుప్పెడు గుప్పెడు జల్లించాం. అప్పటికి తెలిసింది నాకు, ఆ చేతి మంట ఏమిటో. అరగంటకే వేళ్లు నావి కానట్టు అయ్యాయి. కళ్లు తుడుచుకోవాలి, తుడుచుకోకూడదు. మా అమ్మ ఏటా మూడు నెలలు ఇందులో బతికి, ఇంటికొచ్చి నాకు వండి పెట్టి, నా నవ్వు కూడా తిన్నది కదా అని ఏడుపొచ్చింది. అక్కడ అందరి కళ్లలోనూ నీళ్లే కాబట్టి నా ఏడుపు ఎవరికీ కనిపించలేదు.

రెండు బస్తాల కాయ జల్లించాక కూడా ఉంగరం దొరకలేదు. తాత లేచి అమ్మ దగ్గర కూర్చున్నాడు.

"ఉంగరం ఉన్నదని ఆఖరుకు ఎప్పుడు చూసుకున్నవ్ బిడ్డా?"

"బువ్వ తినేటప్పుడు తీసి పక్కన పెట్టిన మామా. తిన్నంక ఆముదం రాసుకొని మళ్ల పెట్టుకున్న."

"ఆముదమా?" అన్నాడు తాత. తర్వాత నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేను చూశానని చెప్పిన అబద్ధం ఆయనకు అర్థమైందని మాత్రం నాకు తెలిసిపోయింది. చూసిన పిల్ల అయితే ఆముదం సంగతి చెప్పి ఉండేది కదా. వంటింట్లో అమ్మ పొడి చేత్తోనే పెట్టుకుంది. పొద్దున ఏదో నిలిచింది. మధ్యాహ్నం నిండుగా రాసుకున్న వేలికి రేకు ఎంతసేపు నిలుస్తుంది?

తాత సైకిలెక్కి దుకాణానికి పోయాడు. పారిపోయాడని మేస్త్రి కేకలు వేశాడు. ఇంకాసేపటికి తిరిగొచ్చాడు. తన బొటనవేలికి సరిపోయేలా, అచ్చం అమ్మ ఉంగరం లాంటిదే మరొకటి చేసుకొచ్చాడు. అమ్మ సీసాలోంచి ఆముదం వంపుకుని రెండు చేతులకూ పట్టించాడు. ఉంగరం తొడుక్కున్నాడు. అమ్మ పీట మీద, అమ్మ కూర్చున్నట్టే ఒక మోకాలు పైకి మడిచి కూర్చుని, గంపలో కాయలు తీసుకుని తొడిమలు తుంచడం మొదలుపెట్టాడు.

"ఏంది సాయిబూ, ఆటలాడుతున్నవా? లారీ వచ్చే యాళ్లయింది!" అని మేస్త్రి అరిచాడు.

"వెతికేటోళ్లు వెతకండ్రి. నన్ను పని చేసుకోనియ్యిండ్రి" అన్నాడు తాత.

తెల్లగడ్డం మనిషి ఆడవాళ్ల వరసలో కూర్చుని కాయలు తుంచుతుంటే కొందరికి నవ్వొచ్చింది కూడా. ఆయన ఎవరినీ చూడలేదు. మధ్యలో అమ్మను అడిగి చెయ్యి ఎటు తిప్పాలో సరిచేసుకున్నాడు. తొడిమను అంత మెల్లగా వేయనని, విసురుతానని అమ్మ చెప్తే తనూ విసరడం మొదలుపెట్టాడు. నేను వెతకడం మానేసి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఒక మనిషి చేతిని అంతసేపు అలా చూడటం నాకు అదే మొదలు. ఎక్కువసేపు ఏమీ జరగలేదు. పావు గంప అయ్యాక ఒక తొడిమతో పాటు ఉంగరం కూడా ఆయన వేలి నుంచి ఊడిపోయింది. కాయల గంప వైపు కాదు, పక్కకు పోయి తొడిమల కుప్పలో పడింది.

తాత లేవలేదు. నన్ను పిలిచి, "కుప్పల నువ్వే వెతుకు బిడ్డా" అన్నాడు.

ఆయన ఉంగరం పైనే కనిపించింది. అమ్మ ఉంగరం లోపల ఎక్కడో ఉంది. మోచేతుల దాకా తొడిమల్లో పెట్టి తవ్వాను. వేళ్లకు స్పర్శ లేదు కాబట్టి కళ్లతోనే వెతకాలి. చివరికి దొరికింది. పిడికిట్లో పెట్టుకుని పోయి తాత చేతిలో పెట్టాను. ఆయన మేస్త్రికి చూపించాడు. మేస్త్రి అటూ ఇటూ చూసి, బస్తాలు జల్దీ నింపమని అరుచుకుంటూ పోయాడు. లారీ హారన్ వినిపించేటప్పటికి ఆఖరి బస్తా మూతి కుడుతున్నారు. మర్నాడు మా అమ్మ పనికి పోయింది. ఇరవై మందీ పోయారు.

అసలు సంగతి ఆ సాయంత్రమే, లారీ పోయాక జరిగింది. తాత నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని దుకాణానికి తీసుకుపోయాడు. తిడతాడనుకున్నాను. చేతులకు మజ్జిగ పోసి కడిగించాడు. దుకాణం లోపలి గోడకు మేకులు వరసగా ఉండేవి. వాటికి ఏవేవో పాత సామాన్లు వేలాడుతుంటే అమ్మకానికేమో అనుకునేదాన్ని ఎప్పుడూ. ఆ రోజు ఒక్కొక్కటే చూపించి చెప్పాడు. ధార సరిగా పడక కిరసనాయిలు ఒలికిపోయిన గరాటా. పిడి ఊడి ఒక ముసలమ్మ కాలి మీద పడ్డ చెంబు. మూత బిగిసిపోయి ఎవరూ తీయలేకపోయిన డబ్బా. అన్నీ ఆయన చేసినవే, అన్నీ ఎవరో ఒకరి చేతిలో తప్పినవే. అవతలివాళ్లకు కొత్తది చేసిచ్చి, తప్పినదాన్ని తెచ్చి ఇక్కడ తగిలించుకునేవాడట.

ఖాళీ మేకు ఒకటి వెతికి, అమ్మ ఉంగరం చేతిలో పట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఇవన్నీ నావి. మరి ఇది ఎవరిదని చెప్పుకోవాలె బిడ్డా?"

పొద్దున ఇరవై మందికి చెప్పిన ‘నేనే చేసిన’ అన్న రెండే మాటలు. ఒక్కరికి, అదీ నా కోసం తప్పు నెత్తిన వేసుకున్న మనిషికి, చెప్పలేకపోయాను. ఆయన చాలాసేపు ఎదురుచూశాడు. బయట బస్సు వచ్చి ఆగి, వెళ్లిపోయింది.

"సరే, నాదే అనుకుందాం తీ" అని మేకుకు తగిలించాడు.

మరో నాలుగు రోజుల్లో కొత్త ఉంగరం వచ్చింది. లోపల సైకిలు ట్యూబు ముక్క అతికించి, చిన్న రంధ్రం పెట్టి, మణికట్టుకు కట్టుకునేలా దారం వేశాడు. ఆముదం ఎంత రాసినా జారలేదు, జారినా పోదు. ఈసారి చేసే ముందు నన్ను రెండు సాయంత్రాలు షెడ్డులో అమ్మ పక్కన కూర్చోబెట్టి, ఏం చూశానో వచ్చి చెప్పమన్నాడు. ఆ కాలం ముగిసేలోపు ఇరవై మందికీ ఉంగరాలు చేసిచ్చాడు. మంట పోలేదు, తగ్గింది. గోళ్లు చీలలేదు. ఒకరోజు అమ్మ చెయ్యి శుభ్రంగా తోముకుని, అన్నం కలిపి, ఒక ముద్ద తను తిని, ఇంకో ముద్ద నా నోట్లో పెట్టింది. కాస్త కారంగానే ఉంది. నేను చెప్పలేదు.

ఆ పై ఏడాదికి, పనుల కోసం బయట తిరిగే నాన్న సారపాకలో కుదురుకుని మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చాడు. ఇక్కడే పెరిగాను, ఇక్కడే పెళ్లయింది. నేను మళ్లీ ఊరికి పోయేసరికి తాత లేడు. దుకాణం చోట ఫోన్లు బాగుచేసే షాపు వచ్చింది. ఆ గోడ మేకులు ఏమయ్యాయో అడగడానికి మనిషి లేడు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. తొడిమలు తీసే చిన్న మిషన్ ఒకటి నా పేరు మీద ఉంది. రెండు రబ్బరు రోలర్ల మధ్య కాయ పైకొస పెడితే తొడిమను పట్టి లాగేస్తుంది. వెల్డింగ్ షాపు అతనితో కలిసి తొమ్మిదేళ్లు తంటాలు పడి చేశాను. దాని పేటెంటు కోసం తిరిగిన ఏళ్లు వేరే. ఇందులో కొత్త ఏముందని అడుగుతారు, రాసి పంపాలి. రాసింది అర్థం కాలేదంటారు, మళ్లీ రాయాలి. ఫారంలో, దీన్ని నిజంగా మొదట కనిపెట్టింది ఎవరని ఒక గడి ఉంటుంది. అక్కడ నా చెయ్యి చాలాసేపు ఆగింది. రేకుల తాత పేరు రాద్దామంటే ఆ పేరు నాకు తెలియదు. నా పేరే రాసి సంతకం పెట్టాను.

అలసిపోయానని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. సర్టిఫికెట్టు వచ్చాక సన్మానాలు మొదలయ్యాయి. ఎక్కడికి పిలిచినా టెంటు కింద మేం నలుగురైదుగురం ఉంటాం, ఒకరికొకరం ముఖాలు అలవాటైపోయాయి. కాలు లేని మనిషి చేత్తో తిప్పుకునే కుట్టుమిషన్ చేసిన బోనకల్ టైలరు. మంచాన పడ్డ రోగిని ఒక్క మనిషే పక్కకు తిప్పేలా పట్టీ కుట్టిన దవాఖానా ఆయా. అడవిపందులు చేలోకి దిగకుండా దానంతటదే మోగే డబ్బా తయారుచేసిన స్కూటర్ మెకానిక్. ముఖ్య అతిథి వచ్చేదాకా నీళ్ల సీసాలు పట్టుకుని కూర్చుంటాం. మాలో మేం సన్మానాల గురించి మాట్లాడుకోం. మీ దాంట్లో ఏది విరిగింది, మా దాంట్లో ఏది ఊడింది, అదే మాట్లాడుకుంటాం. ఇంటికి వచ్చేటప్పుడు ఒక శాలువా తోడొస్తుంది. ఎండలు మండే మా ఊళ్లో అన్ని శాలువాలు ఏం చేసుకోవాలో నాకు తెలియదు. ఈ ఆలోచన ఎలా వచ్చిందమ్మా అని ప్రతిచోటా అడుగుతారు. అమ్మ కష్టం చూసి అని చెప్పి మైకు ఇచ్చేస్తాను. చూడకుండానే చూశానని చెప్పానన్న సంగతి మైకులో చెప్పే ఓపిక లేదు.

మొన్న తిరుమలాయపాలెం దగ్గర ఊరి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి మహిళా సంఘం వాళ్లు నా మిషన్లు రెండు పెట్టుకున్నారు. ఆ సంఘంలో ఒకామె కోడలి వేలు రోలర్ల మధ్యకు పోయి గోరు ఊడిపోయిందట. దవాఖానాలో కట్టు కట్టించారు. వెల్డింగ్ షాపు అతను తన పనిలో తప్పేమీ లేదన్నాడు, అది నిజమే. మా అల్లుడు ఫోనులో గట్టిగా చెప్పాడు. "అత్తమ్మా, మీరు పోకండి. వాడటం రాక చేసుకున్నరని చెప్పండి. తప్పు మనదని ఒక్క మాట అన్నరంటే రేపు కేసు మీ మెడకే చుట్టుకుంటది." అతను నా మంచికే చెప్పాడు. మోకాళ్లు కూడా అదే చెప్పాయి.

తెల్లారి రెండు బస్సులు మారి పోయాను. కిటికీ పక్కన కూర్చుని, ఈ వయసులో నాకు ఇదంతా ఎందుకు అని దారి పొడుగునా అనుకుంటూనే పోయాను. ఆ ఊరి షెడ్డులో మిషన్ మూలకు పడి ఉంది. ఆడవాళ్లు కింద కూర్చుని మళ్లీ గోళ్లతో తుంచుతున్నారు. వాళ్ల చేతులు చూశాను. ఆముదం లేదు. ఆ ఊళ్లో పాత చీర పేలికలు వేళ్లకు చుట్టుకుంటారు. వేలికి ఒకటి చొప్పున, కొసలు వదులుగా వేలాడుతుంటాయి. మిషన్ ముందు కూర్చున్నా ఆ అలవాటు పోలేదు. రోలరు ముందు పేలికను పట్టుకుంది, పేలికతో పాటు వేలిని లాక్కుంది. ఇంత తిరిగిన దాన్ని, ఇన్ని ఫారాలు నింపిన దాన్ని, మిషన్లు లారీ ఎక్కించి పంపానే గానీ ఈ ఊరికి వచ్చి ఒక్క పూట కూర్చోలేదు.

గాయపడిన పిల్ల గోడకు ఆనుకుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. పక్కన ఆమె మూడేళ్ల బిడ్డ ఎత్తుకోమని ఏడుస్తుంటే మోచేత్తో పక్కకు నెడుతోంది. ఆమె అత్త నడుము మీద చేతులు పెట్టుకుని నా ముందుకొచ్చింది. నేనెవరో ఆమెకు తెలియదు. ఎవరో ఆఫీసు నుంచి వచ్చాననుకుంది.

"గీ మిషన్ చేసినోడు ఎవడమ్మా? వానికి ఆడోళ్ల చేతులెట్లుంటయో ఎరుకేనా?"

అందరూ పని ఆపి నా వైపు చూశారు. ఇరవై మందే ఉన్నారేమో, లెక్కపెట్టలేదు. ఈసారి స్తంభాలు చాలానే ఉన్నాయి గానీ నేను కదల్లేదు.

"నేనే చేసిన తల్లీ. తప్పు నాదే" అన్నాను.

ఆ మాట చెప్పడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది. మొదట అడిగిన తాత ఆ మేకుల గోడ దగ్గర ఎదురుచూసి, వినకుండానే వెళ్లిపోయాడు. నేను ఒక పాత పేలిక ఇమ్మని అడిగి, నా బొటనవేలికి చుట్టుకుని, ఆ కోడలు పిల్ల పీట లాక్కుని మిషన్ ముందు కూర్చున్నాను.